జాటోయిచి: చూపులేని కత్తివీరుడి కథ

జపాన్ సినిమాలో ఎక్కువ కాలం నిలిచిన పాత్రల్లో జాటోయిచి ఒకటి. చూపులేని ఇచి ఊరూరా తిరుగుతూ ఒళ్లు పట్టి బతుకుతాడు, జూదమాడతాడు. చట్టానికి వెలుపల బతికే యాకుజా ముఠాల మధ్య తిరుగుతాడు. అతని చేతికర్రలో కత్తి దాగి ఉంటుంది.

కన్ షిమొజావా 1948లో రాసిన చిన్న రచన దీనికి మూలం. కెంజి మిసుమి దర్శకత్వంలో దైయెయ్ సంస్థ 1962లో నలుపు తెలుపుల్లో తొలి చిత్రం తీసింది. షింతారో కత్సు ఇచిగా నటించారు. గాడ్జిల్లా స్వరకర్త అకిరా ఇఫుకుబె సంగీతం అందించారు.

పేరులోనే పాత్ర సామాజిక స్థానం ఉంది. ఎదో కాలంలో అంధులకు తోదోజా అనే సంఘం ఉండేది. అందులోని నాలుగు ప్రధాన హోదాల్లో అట్టడుగుది ‘జాటో’. మర్దన, సంగీతం వారి ముఖ్య జీవనాధారాలు. మెయ్‌జీ ప్రభుత్వం 1871లో ఈ వ్యవస్థను రద్దు చేసింది. రెండు కత్తులు ధరించే హక్కు సమురాయ్‌లకే ఉన్న సమాజంలో ఇచి కత్తి కర్రలో దాక్కోవడానికి కారణం ఇదే.

తొలి చిత్రంలో ఇచి ఇయోకా ముఠా నాయకుడి అతిథి. ప్రత్యర్థి ససగావా ముఠా హిరాతె మికి అనే సమురాయ్‌ను తెచ్చుకుంటుంది. అతను క్షయ రోగి. చేపలు పట్టేచోట పరిచయమైన ఇద్దరూ స్నేహితులవుతారు. గుడ్డివాడని అందరూ తేలిగ్గా తీసుకునే ఇచిని హిరాతె సాటి వీరుడిగా గౌరవిస్తాడు. మంచాన పడి చావడం కంటే ఇచి చేతిలో పోవడమే మేలనుకుంటాడు. చివరికి వారిద్దరే తలపడాల్సి వస్తుంది. గెలిచిన ఇచికి మిగిలేది దుఃఖమే. శవాల మధ్య విజయోత్సవం చేసుకునే నాయకుడిని అతను దులిపేస్తాడు. తన కత్తిని హిరాతెతోపాటు పూడ్చమని ఇచ్చేసి వెళ్లిపోతాడు. అందుకే ఇది కేవలం పోరాటాల సినిమా కాదు; ముఠా పెద్దల పంతాలకు ప్రాణాలిచ్చే కిందివాళ్ల కథ.

కత్సు 1973 నాటికి 25 చిత్రాల్లో, 1989లో మరో చిత్రంలో ఈ పాత్ర పోషించారు. మధ్యలో 100 టీవీ ఎపిసోడ్లు వచ్చాయి. 1967 నాటి ఒక భాగాన్ని హాలీవుడ్ 1989లో ‘బ్లైండ్ ఫ్యూరీ’గా మలిచింది. తకేషి కితానో 2003లో బంగారు రంగు జుట్టు ఇచిగా నటిస్తూ తీసిన ‘జాటోయిచి’కి వెనిస్‌లో ఉత్తమ దర్శకుడిగా వెండి సింహం దక్కింది.

చూపులేని కథానాయకుడు తెలుగు ప్రేక్షకులకూ కొత్త కాదు; 2017లో రవితేజ ‘రాజా ది గ్రేట్’ వచ్చింది. అందులో హుషారు ముందుంటే, 1962 చిత్రంలో గెలుపు వెంటే పశ్చాత్తాపం నడుస్తుంది. సిరీస్‌లోకి కొత్తగా అడుగుపెట్టేవారు ఆ తొలి చిత్రంతోనే మొదలుపెట్టడం మంచిది.