బొగ్గుపులుసు గాలి – కోపెన్‌హాగెన్, 1952

వెనుకటి తరం తెలుగు పాఠ్యపుస్తకాలలో కార్బన్ డయాక్సైడుకు బొగ్గుపులుసు గాలి అని పేరు. నేటి విద్యార్థులు ఆ మాట విని నవ్వవచ్చును గాని, పెట్టినవారు తెలిసే పెట్టారు. ఆ వాయువు నీటిలో కరిగితే పులుపెక్కుతుంది, అనగా ఆమ్లమవుతుంది. ఈ చిన్న విషయమే 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో ఎందరి ప్రాణాలకో సంబంధించిన ప్రశ్న అయింది. ఆ వృత్తాంతమే ఈ టపా.

ముందుగా కొంత భూమిక. మన రక్తం స్వల్పంగా క్షారగుణం కలది. దాని పీహెచ్ 7.35కు, 7.45కు నడుమ నిలిచి ఉండాలి. పీహెచ్ 7.4 నుండి 7.1కి దిగిందంటే రక్తంలో హైడ్రోజన్ అయానులు రెట్టింపయినట్లే. ఈ సమత్వానికి కాపలాదారులు ఇద్దరు. ఊపిరితిత్తులు బొగ్గుపులుసు గాలిని క్షణక్షణమూ వెలికి పంపుతాయి. మూత్రపిండాలు బైకార్బనేటు అనే క్షారాన్ని అవసరాన్ని బట్టి నిలుపుకొంటాయి, లేదా విడిచిపెడతాయి. మొదటివాని పని నిమిషాలలో, రెండవవాని పని గంటలలో, రోజులలో.

ఈ పీహెచ్ కొలమానం పుట్టినది కూడ కోపెన్‌హాగెన్‌లోనే. అక్కడ ఒక బీరు వ్యాపారి నెలకొల్పిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ 1909లో దానిని రూపొందించారు. అమెరికాలో హెండర్సన్ 1908లో చెప్పిన సమీకరణాన్ని 1916లో డెన్మార్కు వైద్యుడు హాసెల్‌బాల్క్ పీహెచ్ పరిభాషలోనికి మార్చారు. బొగ్గుపులుసు గాలి, బైకార్బనేటు, పీహెచ్ – ఈ మూడింటిలో రెండు తెలిస్తే మూడవది లెక్కకు అందుతుంది. ఒక్కటే తెలిస్తే అందదు. కథకు కీలకం ఇదే.

1952 వేసవిలో ఆ నగరాన్ని పోలియో ముట్టడించింది. అంటువ్యాధులకు ప్రత్యేకించిన బ్లెగ్డమ్ ఆసుపత్రికి ఒక దశలో రోజుకు 50 మంది వరకు వచ్చి చేరేవారు. వారిలో పలువురికి శ్వాసకండరాలు చచ్చుబడ్డాయి, మింగే శక్తి పోయింది. ఆసుపత్రిలో ఉన్నవి ఒక్క ఇనుప ఊపిరియంత్రమూ, ఛాతీకి తొడిగే చిన్న యంత్రాలు ఆరూ. మొదటి మూడు వారాలలో వాటి సాయంతో చికిత్స పొందిన 31 మందిలో 27 మంది మరణించారు.

ఆ రోగుల రక్తపరీక్షలో ఒక విశేషం కనిపించింది. రక్తద్రవంలో బొగ్గుపులుసు గాలి మొత్తం పరిమాణం చాల హెచ్చుగా ఉన్నది. ఆ మొత్తంలో అధికభాగం బైకార్బనేటు రూపంలో ఉంటుంది, బైకార్బనేటు క్షారం, కనుక రోగికి క్షారాధిక్యం కలిగిందని వైద్యులు భావించారు. కారణం మాత్రం ఎవరికీ బోధపడలేదు. పండితులకు అన్వయదోషం అనే మాట సుపరిచితం. పద్యంలో ప్రతిపదమూ సరిగానే ఉంటుంది, పదాలను కూర్చుకొనడంలో మాత్రం పొరపడి విపరీతార్థం లాగుతాము. ఇక్కడ జరిగినదీ అదే. అంకె తప్పు కాదు, అన్వయం తప్పు.

ప్రధాన వైద్యుడు లాసెన్. ఆయన సహచరుడు బ్యోర్నెబో సూచనపై, శస్త్రచికిత్సలలో మత్తు ఇచ్చే వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్‌ను ఆగస్టు 25న సంప్రదింపులకు పిలిచారు. ఆయన రోగుల వివరాలూ, మృతుల ఊపిరితిత్తులూ పరిశీలించి తేల్చినది ఇది: వీరు ఊపిరి చాలక మరణిస్తున్నారు. వెలికి పోవలసిన బొగ్గుపులుసు గాలి లోపలే కూడుకొంటున్నది. అది ఆమ్లం. మీరు క్షారాధిక్యం అంటున్నది నిజానికి ఆమ్లాధిక్యం.

ఆగస్టు 27న పన్నెండేండ్ల బాలికపై దీనిని రుజువు చేయవలసి వచ్చింది. కాళ్ళూ చేతులూ చచ్చుబడి, ఊపిరాడక, దేహం నీలివర్ణానికి తిరిగిన స్థితి. కంఠనాళానికి రంధ్రం చేయించి గొట్టం అమర్చారు. రబ్బరు సంచిని చేతితో నొక్కి గాలి పంపబోతే శ్వాసనాళాలు బిగుసుకొని గాలి పోలేదు. ఇబ్సెన్ మత్తుమందు ఇచ్చారు. పిల్ల పెనుగులాట ఆగింది, సొంత ఊపిరీ ఆగింది. అప్పుడు సంచి నుండి గాలి లోపలికి పోసాగింది. బొగ్గుపులుసు గాలి దిగింది, వర్ణం తేరుకొన్నది. తిరిగి పాత యంత్రానికి మార్చి చూస్తే మళ్ళీ హెచ్చింది. సంచికి వస్తే మళ్ళీ దిగింది. బాలిక బ్రతికింది.

ఆసుపత్రి ప్రయోగశాల అధిపతి పౌల్ ఆస్ట్రుప్ రక్తపు పీహెచ్‌ను నేరుగా కొలిచి చూశారు. అది తక్కువగా ఉన్నది. ఆమ్లాధిక్యం నిర్ధారణ అయింది. తరువాతి సంవత్సరాలలో ఆయనా, సిగార్డ్-ఆండర్సెన్‌ మొదలగువారూ రక్తపు ఆమ్లక్షార స్థితిని సులువుగా కొలిచే పద్ధతులను రూపొందించారు. నేడు అత్యవసర విభాగంలో ధమని నుండి రక్తం తీసి చేసే పరీక్షకు ఆ కృషి ఒక పునాది.

సిద్ధాంతం తేలినా యంత్రాలు లేవు. అందువల్ల సంచులు నొక్కడానికి వైద్యవిద్యార్థులను పిలిచారు. దాదాపు 1,500 మంది వంతులవారీగా పగలూ రాత్రీ రోగుల ప్రక్కన కూర్చుని నెలల తరబడి నొక్కారు. ఒక దశలో ఏకకాలంలో 70 మందికి ఊపిరి ఈ చేతుల మీదనే నడిచింది. మరణాల శాతం సగానికి పైగా తగ్గింది. 1953లో ఇబ్సెన్ అదే నగరంలోని వేరొక ఆసుపత్రిలో, ఊపిరికి సాయం కావలసిన రోగులందరినీ ఒకచోట చేర్చి అనుక్షణం కనిపెట్టి ఉండే విభాగం ఏర్పరచారు. నేటి ఐసీయూలకు అది మాతృక.

ఇందులో కొత్త ఔషధం ఏదీ లేదు. సంచి పాతది, గొట్టం పాతది, సమీకరణమైతే అదే నగరంలో ముప్ఫైయారేళ్ళ క్రిందటిది. ఒక అంకెను సరిగా అన్వయించినవారు ఒకరు, ఆ అర్థాన్ని నమ్మి నిద్ర మానుకొని సంచి నొక్కినవారు పదిహేను వందల మంది. ఆ విద్యార్థులలో అత్యధికుల పేర్లు చరిత్రలో లేవు. వారు నిలిపిన ఊపిరులు ఉన్నాయి.