తొమ్మిదో నంబరు మందు

మెల్‌బోర్న్ పడమటి శివార్ల నుంచి నగరంలోకి వచ్చే లోకల్ రైల్లో ఒక తెలుగు కుర్రాడు ఫోనులో పరీక్ష రాస్తున్నాడు. తిరుపతిలో ఇంజనీరింగ్ చదివాడు, ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నాడు, సాయంత్రాలు వృద్ధాశ్రమంలో పని. పరీక్ష కంప్యూటర్ల గురించి కాదు, మింగుడు పడని ముసలివాళ్లకు పెట్టే మెత్తటి తిండి గురించి. ఫోర్కు మీద గుజ్జు పెడితే సందుల్లోంచి కారకూడదు. చెంచా వంచితే ముద్ద మొత్తంగా జారాలి, చెంచాకు అంటుకోకూడదు. అలా ఉంటే అది నాలుగో స్థాయి. నీళ్లతో మొదలై మామూలు భోజనం దాకా సున్నా నుంచి ఏడు వరకు స్థాయులున్నాయి. ఆస్ట్రేలియా 2019లో ఈ అంతర్జాతీయ లెక్కకు మారింది.

పక్క సీట్లో కూర్చున్న ఈ వ్యాసకర్తది చిత్తూరు. రాగిసంగటి తిని పెరిగిన ప్రాణం. సంగటిని ఎవరూ నమలరు, ముద్దను కూరలో అద్ది మింగుతారు. మెత్తగానే ఉంటుంది కానీ అంటుకుంటుంది కాబట్టి నాలుగో స్థాయిలో తప్పుతుంది. పులుసు పోసి జారుగా చేద్దామంటే, గుజ్జులోంచి నీళ్లు విడిపోకూడదన్నది ఇంకో నిబంధన. అలిపిరి నుంచి అరగొండ దాకా ఏ అవ్వా ఈ పరీక్ష గట్టెక్కదు.

ఇంత సున్నితమైన పనిని ఫోనులో నేర్పడమేమిటని మనవాళ్లకు వింతగా ఉంటుంది. ఆస్ట్రేలియాకు మాత్రం దూరం నుంచి నేర్పడం పాత అలవాటు. దేశం మనకు రెండింతల పైచిలుకు, జనం ఇప్పటికీ మూడు కోట్లకు లోపే. ఎడారి అంచుల్లో పశువులు మేపుకునే కుటుంబాలకు పక్కిల్లంటే ఒక రోజు ప్రయాణం. జాన్ ఫ్లిన్ అనే పాస్టరు 1928లో క్వీన్స్‌లాండ్‌లోని క్లాన్‌కర్రీ నుంచి విమానంలో డాక్టర్ని పంపే ఏర్పాటు చేశాడు. డాక్టరుకు కబురు ఎలా అందాలి? కరెంటు లేదు, ఫోను లేదు. అడిలైడ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ ట్రేగర్ కాళ్లతో తొక్కితే కరెంటు పుట్టే రేడియో చేసిచ్చాడు. చేతులు సందేశం పంపడానికి ఖాళీగా ఉండేవి. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో రేడియో మీదే బడి మొదలైంది. వందల మైళ్ల అవతల పిల్లలు తమ టీచరు గొంతు విని పాఠం నేర్చుకునేవారు.

చిత్తూరు జిల్లావాళ్లకు ఇదేమంత కొత్త కాదు. 2000లో అరగొండ అపోలో ఆసుపత్రిని ఉపగ్రహం ద్వారా పెద్ద డాక్టర్లకు కలిపినప్పుడు, హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దాన్ని ప్రారంభించారు. అక్కడా ఇక్కడా దూరానికి విరుగుడు యంత్రమే.

ఎగిరే డాక్టర్ల చరిత్రలో రేడియో కంటే రుచికరమైనది మందుల పెట్టె. 1942 నుంచి మారుమూల స్థావరాలకు ఒకే రకం పెట్టెలు పంపారు. మందుల పేర్లతో తికమక లేకుండా సీసాలకు నంబర్లు వేశారు. డాక్టరు రేడియోలో ఫలానా నంబరు అంటే అది మింగించడమే. దీని మీద అక్కడ తరతరాలుగా ఒక కథ చెప్పుకుంటారు. డాక్టరు తొమ్మిదో నంబరు ఇవ్వమన్నాడు. పెట్టెలో తొమ్మిది అయిపోయింది. పశువుల స్థావరం పెద్దమనిషి తెలివిగా అయిదో నంబరూ నాలుగో నంబరూ కలిపి ఇచ్చాడు. రోగి బతికాడని కొందరు, అసలు ఇలా జరగనేలేదని కొందరు. ఏదైనా, నంబరు తెలిస్తే వైద్యం తెలిసినట్టేనని నమ్మినచోట ఇలాంటి కథ పుట్టకుండా ఉండదు.

వృద్ధుల సంరక్షణ చరిత్రలోనూ ఆ నమ్మకం కనిపిస్తుంది. 1954లో చర్చీలు, ధర్మసంస్థలు ఆశ్రమం కట్టడానికి ఒక పౌను పోగుచేస్తే తాను మరో పౌను ఇస్తానంది ప్రధాని మెంజీస్ ప్రభుత్వం. గోడలు లేచాయి, దాంతో సంరక్షణ జరిగినట్టేననుకున్నారు. లోపల పనిచేసే చేతుల సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 2000లో మెల్‌బోర్న్‌లోని ఒక ఆశ్రమంలో గజ్జికి మందని వృద్ధులకు కిరసనాయిలు కలిపిన నీళ్లతో స్నానం చేయించారు. దేశం అట్టుడికింది, తర్వాత మరిచిపోయింది. 2017లో అడిలైడ్‌లోని ఓక్‌డెన్ ఆశ్రమం దారుణాలు బయటపడి దాన్ని మూసేశారు. మరుసటి ఏడాది వృద్ధుల సంరక్షణపై విచారణకు రాయల్ కమిషన్ వేశారు.

మన దగ్గర కమిషన్ వేశారంటే సంగతి అటకెక్కినట్టే. అక్కడ కదిలింది. 2019లో ‘నిర్లక్ష్యం’ అనే పేరుతో మధ్యంతర నివేదిక, 2021లో 148 సిఫార్సులతో తుది నివేదిక వచ్చాయి. ఇప్పుడు ఆశ్రమంలో ఒక్కొక్కరికి రోజుకు సగటున 215 నిమిషాల సంరక్షణ అందాలి, అందులో 44 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సు చేతుల మీదుగా. 1997 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం స్థానంలో 2025 నవంబరు 1 నుంచి కొత్త చట్టం నడుస్తోంది. ఆప్యాయతను నిమిషాల్లో కొలవడం చూస్తే నవ్వొస్తుంది. ఓక్‌డెన్ నివేదిక చదివాక ఆ నవ్వు ఆగిపోతుంది.

సంరక్షకులకు సర్టిఫికెట్ త్రీ అనే వృత్తి కోర్సు కనీస చదువుగా ఉండాలన్నది సిఫార్సుల్లో ఒకటి. ప్రభుత్వం దాన్ని వెంటనే తప్పనిసరి చేయలేదు. ఆ కోర్సులో పాఠాలు చాలావరకు ఆన్‌లైన్లో చదవొచ్చు. అయితే 120 గంటలు నిజమైన వృద్ధుల మధ్య పనిచేస్తేనే పట్టా చేతికొస్తుంది. నంబరును కాక మనిషిని చూసి నేర్చుకునే ఆ 120 గంటల్లోనే తొమ్మిదో నంబరు కథకు జవాబుంది. పట్టా అవసరం లేనివాళ్లూ నేర్చుకోవచ్చు. టాస్మానియా విశ్వవిద్యాలయంలోని విక్కింగ్ కేంద్రం 2013లో డిమెన్షియా మీద ఉచిత ఆన్‌లైన్ కోర్సు పెట్టింది. ఏ దేశం వారైనా చేరొచ్చు. మతిమరుపు ముసలితనంతో వచ్చేదేలే అని సరిపెట్టుకునే మన ఇళ్లకు అందులోని మెదడు పాఠాలు చాలా అవసరం.

ఆస్ట్రేలియాలో వృద్ధుల సంరక్షణ పని చేసేవాళ్లలో వలస వచ్చినవారు చాలామంది. వాళ్ల విషయంలో చరిత్రకు పాత బాకీ ఉంది. ఆస్ట్రేలియా 1908లో వృద్ధాప్య పింఛను చట్టం చేసినప్పుడు అక్కడి ఆదివాసులనూ, ఆ దేశంలో పుట్టని ఆసియావాళ్లనూ పక్కన పెట్టింది. 1922లో మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన శ్రీనివాస శాస్త్రి ఆస్ట్రేలియా అంతా తిరిగి భారతీయుల తరఫున మాట్లాడారు. 1926లో పింఛను తలుపు భారతీయులకు తెరుచుకుంది. అప్పటి చిత్తూరు జిల్లా కూడా ఆ ప్రెసిడెన్సీలోదే. కుంభకోణం దగ్గరి శాస్త్రినైనా మనవాడే అనుకోవడానికి దూరదేశంలో ఆ కారణం చాలు.

రైల్లో ఆ కుర్రాడు దిగిపోయాక వ్యాసకర్త చేసిన పని ఇంటికి ఫోను. చిత్తూరులో అమ్మ మంచాన పడింది. జీతానికి చూసుకునే అక్క ఓపికమంతురాలు, శిక్షణ మాత్రం లేదు. మనిషిని పక్కకు ఎలా తిప్పాలో వీడియో కాల్లో చెప్పాలి. ముందు మోకాలు మడవాలి, ఒక చెయ్యి భుజం మీద, ఇంకోటి తుంటి మీద, అప్పుడు మెల్లగా తనవైపు దొర్లించాలి. సంరక్షకుల పాఠంలో మొదటి సూచనేమో మంచాన్ని నడుము ఎత్తుకు లేపుకోమని. ఇంట్లోదేమో నవారు మంచం. అక్క అంతా విని, ఫోను గోడకానించి, పెరట్లోంచి ఇటుకలు తెచ్చి మంచం కాళ్ల కింద పెట్టింది. అయిదూ నాలుగూ కలిపితే ఒక్కోసారి తొమ్మిది అవుతుంది మరి.

“ఇవన్నీ నేర్చుకుంటే జీతం ఏమన్నా పెంచుతారా అన్నా?” అని అడిగిందామె. ఆస్ట్రేలియాలో అదే ప్రశ్నను కార్మిక సంఘాలు జీతాలు తేల్చే ఫెయిర్ వర్క్ కమిషన్ ముందు పెట్టాయి. 2023 జూన్ 30 నుంచి సంరక్షకుల జీతం 15 శాతం పెరిగింది. ఆడవాళ్ల పని అనే లెక్కతోనే ఇన్నాళ్లూ దీనికి తక్కువ కట్టారని మరుసటి ఏడాది అదే కమిషన్ తేల్చింది. చిత్తూరులో అలాంటి కమిషనేదీ లేదు. ఆ అక్క జీతం ఇంటివాళ్లే తేల్చాలి. వచ్చే నెల నుంచి రెండు వేలు ఎక్కువ పంపడానికి ఒప్పందం కుదిరింది.