గింజకు వచ్చిన పేరు, ఆకుకు వచ్చిన గిరాకీ



పరీక్షల రోజులు వచ్చాయంటే మా హోసూరు సంతలో సరస్వతి ఆకుకు గిరాకీ. పక్కింటి తమిళులు వల్లారై అంటారు, ఎదురింటి కన్నడిగులు ఒందెలగ అంటారు. పేరు ఏదైనా, పచ్చడి నూరి పిల్లల కంచంలో వేయడం మాత్రం మూడిళ్ళలోనూ ఒకటే. జ్ఞాపకశక్తి కోసం ఆకు తినడం మనకు కొత్త కాదు. అందుకేనేమో, మా వీధి పెద్దాయన ఒకరికి అమెరికాలో ఉన్న కొడుకు గింకో మాత్రల సీసా తెచ్చి ఇస్తే, ఆయన మారుమాట లేకుండా వేసుకోవడం మొదలుపెట్టారు. గుండె జబ్బుకని ఆస్పిరిన్ కూడా రోజూ వేసుకుంటారు. కొన్నాళ్ళకు పన్ను పీకించుకుంటే రాత్రిదాకా రక్తం ఆగలేదు. ఏమేం మందులు వాడుతున్నారని పళ్ళ డాక్టరు ముందే అడిగారట. ఈయన ఆస్పిరిన్ సంగతి చెప్పారు గాని సీసా మాట ఎత్తలేదు. ఎందుకు చెప్పలేదంటే, "అది మందా ఏమిటి అయ్యవారూ, ఆకే కదా" అన్నారు నాతో.

ఆ ఆకు కథ కాస్త విందాం.

గింకో చైనా దేశపు చెట్టు. దాని బంధువులన్నీ లక్షల ఏళ్ళ కిందటే అంతరించిపోయి, ఆ వంశంలో ఇదొక్కటే మిగిలింది. ఆకు విసనకర్రలా ఉండి మధ్యలో చీలి ఉంటుంది. 'వెండి ఆప్రికాట్' అన్న అర్థంలో చైనావారు పెట్టుకున్న పేరును జపానువారు తమ పద్ధతిలో పలికేవారు. 1690 నుంచి రెండేళ్ళపాటు నాగసాకిలో డచ్చి కంపెనీ వైద్యుడుగా ఉన్న ఎంగెల్బర్ట్ కెంఫర్ అనే జర్మను దాన్ని రాసుకున్నాడు. 1712లో అచ్చయిన ఆయన పుస్తకంలో 'య' ఉండవలసిన చోట 'గ' పడింది. 1771లో లినేయస్ ఆ తప్పునే శాస్త్రీయ నామంగా ఖాయం చేశాడు. మా బడిలో అయితే ఒక మార్కు పోయేది!

ఇక్కడ ఒక సంగతి గమనించండి. చైనా వైద్యులు దగ్గుకూ ఆయాసానికీ వాడింది ముఖ్యంగా గింజను. ఆకుకు వారి వైద్యంలో ఉన్న చోటు చిన్నది. ఆ గింజనైనా లెక్కపెట్టుకుని తినేవారు. విటమిన్ బి6 పనికి అడ్డుతగిలే విషం ఒకటి అందులో ఉంది. వండినా అది పోదు. ఎక్కువ తింటే, ముఖ్యంగా పిల్లలకు, మూర్ఛలు వస్తాయి. రెండో ప్రపంచయుద్ధ కాలపు తిండి కరువులో జపానులో ఇలా ప్రాణాలు పోయాయి. ఆ విషమేమిటో అక్కడి శాస్త్రజ్ఞులు 1985లో తేల్చారు.

మరి ఆకు మాత్ర ఎక్కడిది? జర్మనీది. 1965లో ష్వాబే అనే కంపెనీ ఆకు సారాన్ని మందుగా అమ్మకానికి తెచ్చింది. కిలో సారానికి సుమారు యాభై కిలోల ఎండుటాకు కావాలి. ఒంటికి పడని ఆమ్లాలను అందులోంచి తీసేస్తారు. అంటే ఇది మన ఇంటి కషాయం వంటిది కాదు, పూర్తిగా ఫ్యాక్టరీ సరుకు. అయినా ప్రకటనలు వేల ఏళ్ళ చైనా వైద్యం అంటాయి. గింజ కీర్తిని ఆకుకు అంటగట్టారన్నమాట. చెట్టు మొండితనం కూడా కలిసొచ్చింది. 1945లో హిరోషిమా మీద బాంబు పడ్డాక కాలిన గింకోలు మళ్ళీ చిగిర్చాయి. చెట్టు చిగిరిస్తే మన మతిమరుపు పోతుందా అని ఎవరూ అడగలేదు. పైగా 1994 నాటి అమెరికా చట్టం ప్రకారం ఇటువంటి మాత్రలు పనిచేస్తాయని ముందుగా రుజువు చేసి అమ్మనక్కర్లేదు.

1997లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన, మతిమరుపు జబ్బు ఉన్నవారికి కొద్దిపాటి మేలు కనిపించిందన్నది. ఆశ పెరిగింది. తరువాత 75 ఏళ్ళు, ఆపైబడిన 3,069 మందిని తీసుకుని, కొందరికి రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాముల గింకో, మిగిలినవారికి మందులేని మాత్ర సుమారు ఆరేళ్ళు ఇచ్చి చూశారు. ఫలితం 2008లో వచ్చింది. ఉత్తి మాత్ర వేసుకున్నవారిలో 246 మందికి జబ్బు వచ్చింది, గింకో వేసుకున్నవారిలో 277 మందికి. జబ్బును ఆపలేదనే కదా అర్థం! 2012లో ఫ్రాన్సు పరిశోధనా అదే చెప్పింది. జబ్బు ఇప్పటికే ఉన్నవారికి కొంత ఉపయోగమని వాదించే వైద్యులు మాత్రం ఇంకా ఉన్నారు.

ఇక రక్తం సంగతి. ఆకులోని ఒక పదార్థం, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాల పనిని కొంత అడ్డుకుంటుంది. రోజూ ఆస్పిరిన్ వేసుకునే డెబ్బై ఏళ్ళాయన ఒకరు గింకో మొదలుపెట్టిన వారానికే కంట్లో రక్తస్రావమైందని 1997లో ఒక వైద్యపత్రిక రాసింది. 2008 నాటి పెద్ద పరిశోధనలో మొత్తమ్మీద రక్తస్రావాలు పెరగలేదన్నదీ నిజమే. అయినా ఆస్పిరిన్, వార్ఫరిన్ వంటివి వాడేవారిని, ఆపరేషన్‌కు వెళ్ళేవారిని, మూర్ఛ జబ్బున్నవారిని వైద్యులు హెచ్చరిస్తూనే ఉన్నారు.

మా పెద్దాయన పంటి రక్తానికి గింకోయే కారణమని నేననను. ఆస్పిరిన్ ఒక్కటి చాలు. కాని డాక్టరుకు సగం సంగతే తెలిసింది. ఇప్పుడు ఆయన జేబులో ఒక చీటీ ఉంటుంది. ఊళ్ళో డాక్టరు చదువుకునేలా తమిళంలో నేనే రాసిచ్చాను. మొదటి వరుసలో ఆస్పిరిన్, రెండో వరుసలో గింకో, ఎంత మోతాదో సహా. మూడో వరుస ఆయన పట్టుబట్టి రాయించారు: వల్లారై పచ్చడి, వారానికి రెండుసార్లు.