లెక్క చూపని లెక్క

ఆల్గారిదమ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదండీ. ఒకదాని తరువాత ఒకటిగా చెయ్యవలసిన పనుల వరుస, అంతే!

9వ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ అనే పండితుడుండేవాడు. మన భారతీయ అంకెలతో లెక్కలు కట్టే పద్ధతి మీద ఆయన రాసిన పుస్తకం 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్ళింది. ఆయన పేరే నోళ్ళలో నలిగి నలిగి ఆల్గారిదమ్ అయింది.

ఆయన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం ఆస్తి పంపకాలే! భార్యకెంత, కూతురికెంత అని మెట్టుమెట్టుగా విప్పి చూపాడు. అనుమానమొస్తే ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఇవాళ సెల్‌ఫోనులో ఏ వార్త మన కంటపడాలో, చాలాచోట్ల ఎవరికి అప్పు పుట్టాలో కూడా ఆల్గారిదములే తేలుస్తున్నాయి. ఆ మెట్లు మాత్రం మనకు కనపడవు.

పాలపద్దు సైతం తేదీలవారీగా సరిచూసుకునే మనం, ఈ లెక్క మాత్రం చూపించమని అడగమేం?