వేళ్లపై వెలసిన లిపి

చూపు కోల్పోయినవారికి మాట మిగులుతుంది. వినికిడి కోల్పోయినవారికి సంజ్ఞ మిగులుతుంది. రెండూ కోల్పోయిన బధిరాంధులకు సంభాషణకు మిగిలే ప్రధాన మార్గం స్పర్శ.

ఆస్ట్రియా రచయిత హియరోనిమస్ లార్మ్ యౌవనంలో వినికిడినీ, తరువాత చూపునూ కోల్పోయారు. ఆయన అరచేతినే పలకగా చేసుకున్నారు. ఐదు వేళ్ల కొసలు ఐదు అచ్చులు. తక్కిన అక్షరాలకు గీతలు, తాకులు. 1902లో ఆయన మరణించగా, ఈ పద్ధతి 1908లో అచ్చయింది. జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో నేటికీ వాడుకలో ఉంది.

20వ శతాబ్దం మధ్యలో అమెరికాలో టెల్లాటచ్ అనే చిన్న యంత్రం వచ్చింది. ఎదుటివ్యక్తి ఒక మీట నొక్కితే, వెనుకవైపు వేలి కింద ఆ అక్షరానికి బ్రెయిలీ చుక్కలు లేచేవి. బ్రెయిలీ రానివారు సైతం మాట్లాడగలగడం దాని గొప్పతనం. కాని ఒక్కొక్క అక్షరంగా సాగే మాటలో వేగమెక్కడిది? పైగా కోపమైనా, లాలన అయినా ఆ చుక్కలు ఒకేలా లేస్తాయి.

జపాన్‌కు చెందిన సతోషి ఫుకుషిమాకు 9వ ఏట చూపు, 18వ ఏట వినికిడి పోయాయి. చీకటికంటె, నిశ్శబ్దంకంటె ఇతరులతో సంభాషణ తెగిపోవడమే తనను కుంగదీసిందని ఆయన చెప్పారు. 1981లో ఒకనాడు ఆయన తల్లి రేయికో, చేతికి అందుబాటులో బ్రెయిలీ యంత్రం లేక, కుమారుని వేళ్లనే దాని ఆరు మీటలుగా భావించి తట్టారు. రెండు చేతుల చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు ఆరు చుక్కలు. కుమారునికి అర్థమైంది! ఈ వేలి బ్రెయిలీ అలవాటైనవారి మధ్య మాటకు దీటుగా సాగుతుంది. తట్టే బలంలో, జాగులో మనోభావం కూడా తెలుస్తుంది. అనువాదకుల సహాయంతో చదువుకొన్న ఫుకుషిమా 2008లో టోక్యో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు.

ఇటీవల బెర్లిన్ పరిశోధకులు లార్మ్ లిపిని చేతితొడుగులోకి ఎక్కించారు. అరచేతివైపు స్పర్శను గ్రహించే పరికరాలు, చేతి వెనుక కంపించే చిన్న మోటార్లు. ఫోన్ ద్వారా దూరానున్నవారికీ సందేశం వెళుతుంది. ఉపయోగకరమే. అయితే పక్కన కూర్చున్న మనిషి చేయి పట్టుకోవలసిన చోట తొడుగును నిలపడం నాకు సమ్మతం కాదు. వైద్యశాలల్లో ఇటువంటి రోగిని వదిలి, తోడు వచ్చినవారితోనే మాట్లాడే అలవాటు ఇప్పటికే ఉన్నది.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం బధిరాంధత్వాన్ని పేర్కొన్నది. తెలుగు బ్రెయిలీ అక్షరాలు సైతం ఆరు చుక్కలలోనే ఇమిడినవి కనుక రేయికో పద్ధతి తెలుగుకూ సరిపోతుంది. నేర్చుకోవలసింది రోగి ఒక్కరే కాదు, ఇంటిల్లిపాదీ.