జిడ్డు వదిలించిన పిండి

పార్వతి తన ఒంటి నలుగుపిండితో వినాయకుణ్ని చేసిందని ఏటా చవితినాడు వింటూనే ఉంటాం. కథ సంగతి ఎలా ఉన్నా, చెప్పినవాళ్లకు నలుగు బాగా తెలుసు. పొడి సున్నిపిండితో బొమ్మ నిలవదు. ఒంటి నూనెను పీల్చుకుని, మట్టితో కలిసి ముద్దగా ఊడివచ్చిందే నిలుస్తుంది. భోగినాడు నువ్వులనూనె పట్టించి నలుగు పెట్టించుకున్నవాళ్లకి అరచేతి కింద నల్లటి ఉండలుగా దొర్లే ఆ పిండి గుర్తుండే ఉంటుంది.

జిడ్డు చర్మం అనే రకం ఒకటుందని మనవాళ్లు పిండి కొట్టలేదు. ఒంటికి నూనె పట్టించడం అలవాటు, దాన్ని దించడానికి పిండి కావాలి, అంతే. ఏడో శతాబ్దం నాటిదని చెప్పే వాగ్భటుడి అష్టాంగహృదయం కూడా దినచర్యలో నూనె మర్దనాను, పిండితో రుద్దే ఉద్వర్తనాన్ని రెంటినీ చెప్పింది. ఉద్వర్తనం కఫాన్ని, కొవ్వును తగ్గించి చర్మాన్ని తేటపరుస్తుందట. కొవ్వు కరుగుతుందంటే నేను నమ్మను గానీ, తేటపడడం మాత్రం కంటికి కనిపించేదే.

అనకాపల్లి పేరు చెబితే లోకానికి బెల్లం గుర్తొస్తుంది. కానీ ఈ ప్రాంతంలో వరి కోసిన మళ్లలో పెసలు, మినుములు చల్లే అలవాటూ ఉంది. అందువల్ల సున్నిపిండి సరుకు కోసం దూరం వెళ్లే పని లేదు. తలకు కావలసిన సీకాయ, కుంకుడుకాయ మన్యం ఇచ్చేది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ సరుకులు కొని, సబ్బులు కూడా అమ్ముతోంది.

పెసలు ఎండబెట్టి, కాస్త బరకగా విసిరి, కస్తూరి పసుపు, కచ్చూరాలు, వట్టివేళ్లు, బావంచాలు కలుపుతారు. ఈ బావంచాలతో జాగ్రత్త. వాటిలో సోరలెన్ ఉంటుంది. అది చర్మం మీదుండగా ఎండ తగిలితే కమిలి, బొబ్బలెక్కి, నల్లమచ్చలు పడొచ్చు. బొల్లి వైద్యంలో డాక్టర్లు ఆ గుణాన్నే కొలిచి వాడతారు. అమ్మమ్మ చెప్పిన పిండే కదా అని ముఖానికి పూసుకుని మిట్టమధ్యాహ్నం బజారుకు బయల్దేరితే చిక్కే.

తర్వాత సబ్బు వచ్చింది. 1929లో మన దేశంలో అమ్మకానికొచ్చిన లక్స్, 1941లో లీలా చిట్నీస్ బొమ్మతో సినిమా తారల సబ్బయింది. ఒంటికి నూనె రాయడం తగ్గింది, రుద్దడం మాత్రం తగ్గలేదు. ఇక దించడానికి మిగిలింది చర్మం తనంతట తాను స్రవించే నూనే. 1900ల తొలి ఏళ్లలో మెల్‌బోర్న్‌లో అందాల దుకాణం తెరిచిన హెలెనా రూబిన్‌స్టీన్ పొడి చర్మం, మామూలు చర్మం, జిడ్డు చర్మం అని విడదీసి సరుకు అమ్మే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యురాలు. వ్యాపారమే అయినా, అందులో నిజం లేకపోలేదు. ముఖం మీద చదరపు సెంటీమీటరుకు 400 నుంచి 900 దాకా నూనె గ్రంథులుంటాయి. యుక్తవయసు హార్మోన్లు వాటిని ఉసిగొల్పుతాయి. చర్మం పైపొర సహజంగా కొంచెం ఆమ్లగుణంతో ఉంటుందని 1928లో జర్మన్ వైద్యులు షాడె, మార్కియోనీని చెప్పారు. మామూలు సబ్బు క్షారం. గంటగంటకూ దానితో కడిగితే జిడ్డుతోపాటు ఆ పొరా దెబ్బతిని మంటెక్కుతుంది.

మన తీరప్రాంతపు ఉక్కలో మెరిసే ముఖమంతా జిడ్డు కాదు, సగం చెమటే. తేల్చుకోవాలంటే ముఖం కడిగి, ఏమీ రాయకుండా గంటసేపు నీడపట్టున ఉండి, పలచని కాగితాన్ని నుదుటికి, ముక్కుకు, గడ్డానికి, బుగ్గలకు అద్దాలి. చెమట తడి ఆరిపోతుంది. జిడ్డయితే పకోడీల పొట్లంలా కాగితం అక్కడక్కడా పారదర్శకంగా మిగిలిపోతుంది. నుదురు, ముక్కు, గడ్డం దగ్గరే మరకుండి బుగ్గల దగ్గర లేకపోతే అది మిశ్రమ చర్మం. చాలామందిది అదే.

జిడ్డని తేలితే రోజుకు రెండుసార్లు క్షారం లేని ఫేస్‌వాష్, చెమట పట్టాక ఒకసారి నీళ్లు చాలు. నూనె లేని మాయిశ్చరైజర్, జెల్ సన్‌స్క్రీన్ వాడుకోవచ్చు. సున్నిపిండి ఒంటికి బాగానే ఉంటుంది గానీ, మొటిమలున్న ముఖాన్ని దానితో రుద్దకూడదు. తలకు పట్టించిన కొబ్బరినూనె నుదుటి మీదికి జారితే జుట్టు మొదళ్ల దగ్గర మొటిమలొస్తాయి. మచ్చలు పడేలా ఉంటే చర్మ వైద్యుణ్ని చూడాలి.

ఇక బెల్లం ఊళ్లో కాస్త ధైర్యం చేసి చెప్పాల్సిన మాట. మళ్లీ మెల్‌బోర్న్‌లోనే, 43 మంది మొటిమల కుర్రాళ్లతో 12 వారాలు చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. రక్తంలో చక్కెరను చురుగ్గా పెంచే తిండి తగ్గించినవాళ్లకు మొటిమలు ఎక్కువ తగ్గాయి. చిన్న అధ్యయనమే, అందరికీ వర్తిస్తుందని చెప్పలేం. అయితే బెల్లంలోనూ ప్రధానంగా ఉండేది పంచదారలోని సుక్రోజే కాబట్టి, పంచదార మానేశామని బెల్లం టీ తాగేవాళ్లకు ఇందులో మినహాయింపేమీ లేదు.