టీ బ్రేకుకి ఓటీపీ

పదకొండూ ఇరవై మూడు. ఇంకా ఏడు నిమిషాలు ఆగాలి.

కాశీబుగ్గ మెయిన్ రోడ్డులో, పై అంతస్తుకి వెల్డింగ్ ట్రైనింగ్ బోర్డు వేలాడుతున్న ఒక మేడ కింద, నెట్ సెంటర్ బల్ల మీద కూచున్నారు మీరు. మీ పక్కన ఒకావిడ. ఒళ్ళో బట్టల కొట్టువాళ్ళిచ్చిన సంచీ, అందులో ప్లాస్టిక్ ఫైలు. ఎక్కడో జీడిపిక్కలు కాలుస్తున్నట్టున్నారు, ఆ ఘాటు గుమ్మం దాటి లోపలికొస్తోంది. కంప్యూటర్ ముందున్న కుర్రాడు ఆధార్ నంబరు కొట్టేసి, ఓటీపీ పంపమనే చోట బాణం గుర్తు నిలబెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నొక్కీమంటావా అప్పా?"

"ఒద్దు బాబూ. పదకొండున్నరకే. అంతదాకా ఆయన ఫోన్ ముట్టుకోడు."

కుర్రాడికిది అలవాటే. ఇక్కడ పదకొండున్నరంటే జుబైల్లో తొమ్మిది. సౌదీ మనకన్నా రెండున్నర గంటలు వెనక. తొమ్మిదికి అక్కడ పనిచేసే ఆవిడ భర్తకి టీ బ్రేక్. పనిచోట ఫోన్ పట్టుకోనివ్వరు, రెస్ట్ షెడ్డులో సంచీలో ఉంటుంది. ఆధార్ ఓటీపీ బతికేది పది నిమిషాలు, టీ బ్రేక్ పావుగంట. రెండూ కలిసొస్తే పని అయినట్టు. లేదంటే మళ్ళీ మధ్యాహ్నం రెండున్నరకి, ఆయన అన్నం తినే వేళకి.

గల్ఫ్ గురించి ఎవరు రాసినా ఎండ, ఇసుక, క్యాంపు గదిలో అంతస్తుల మంచాలు రాస్తారు. అవన్నీ నిజమే. కానీ పరాయి దేశంలో పదేళ్ళు దాటినవాడి బతుకులో ఎండకన్నా ఎక్కువ చోటు కాగితాలది. ఆ కాగితాల్లో సగానికి పైగా మోసేది సోంపేటలోనో, కవిటిలోనో, వజ్రపుకొత్తూరులోనో ఉండిపోయిన మనిషి. అది చూపించడానికే మిమ్మల్ని ఈ బల్ల మీద కూచోబెట్టాను.

పదకొండున్నర. కుర్రాడు నొక్కాడు. ఆవిడ అప్పటికే ఇమోలో రింగిస్తోంది. బొమ్మ కదలదు, మళ్ళీ కదులుతుంది. పసుపు హెల్మెట్టు, దాని కింద మసి పట్టిన మొహం, వెనక టీ కప్పులు పట్టుకుని నిలబడ్డ నలుగురు.

"వొచ్చిందా?"

"ఉండవే. చెమటకి వేలు పడట్నేదు."

మీరు కూడా ఊపిరి బిగబట్టారని మీకిప్పుడే తెలిసింది. ఆయన ఒక్కో అంకె చదువుతున్నాడు, ఆవిడ పైకి అంటోంది, కుర్రాడు కొడుతున్నాడు. తెరుచుకుంది. ఇంట్లో కందిపప్పు ఉందా అని ఆయన అడిగేలోపే ఎవరో పిలిచారు. ఫోన్ పోయింది.

తెరుచుకుంది గానీ పని అవలేదు. పదేళ్ళు దాటిన ఆధార్‌కి మళ్ళీ రుజువులు ఎక్కించమన్నారు కదా అని పాస్‌పోర్టు జిరాక్సు తెచ్చింది ఆవిడ. కుర్రాడు ఆ కాగితాన్నీ తెరనీ మార్చి మార్చి చూశాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే. పేరు చివరి ‘రావు’కి ఒకదాంట్లో ఇంగ్లీషు ఓ, రెండోదాంట్లో యూ. ఇంటిపేరు ముందు, మనిషి పేరు తరవాత, మధ్యలో ఒక చుక్క. మన బడి రిజిస్టర్లకి ఇది చాలింది. పాస్‌పోర్టు ఫారానికి రెండు గడులు కావాలి. ఏ గడిలో ఏది పెట్టాలో తెలియక ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్ళు ఈ తీరంలో తక్కువేం కాదు. 2022 నవంబరు 21 నుంచి, ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళని యూఏఈ రానివ్వడం మానేసింది. ఆ రోజుతో ఒక చుక్క ఎంత బరువో చాలా ఇళ్ళకి తెలిసొచ్చింది.

"పేరు మార్చడం ఇక్కణ్ణించి అవదప్పా. ఆధార్ సెంటర్‌కి మనిషి రావాలి, వేలిముద్ర ఎయ్యాలి. పేరు జన్మకి రెండుసార్లే మార్చనిస్తారు, సూసుకోండి."

"ఆయన వేలిముద్ర పడదు బాబూ. కిందటిసారి రేషన్ కాడే పడనేదు."

ఏళ్ళ తరబడి గ్రైండింగ్ మిషన్ పట్టుకున్న వేళ్ళు. వేలిముద్ర మిషన్ గీతలడుగుతుంది, గీతలు పైపుల మీద అరిగిపోయాయి. కుర్రాడు ఏమీ అనలేదు. డబ్బులు తీసుకుని తరవాతావిణ్ణి పిలిచాడు.

బయటికొస్తే ఎండ చురుక్కుమంది, డిసెంబరైనా. ఫైలు మీ చేతికిచ్చి ఆవిడ గొడుగు విప్పుతోంది. ఒక్కసారి తెరిచి చూడండి, ఏమీ అనుకోదు. పాత పాస్‌పోర్టు జిరాక్సు, కొత్తదాని జిరాక్సు. పదేళ్ళు నిండి జుబైల్లోనే కొత్తది తీసుకున్నాడు. పుస్తకం కొత్తదైతే నంబరూ కొత్తదే. ఆ నంబరు సౌదీ పాస్‌పోర్టు శాఖ లెక్కల్లో ఎక్కేదాకా అక్కడి అబ్షెర్ యాప్‌లో మనిషి పాత నంబరుతోనే ఉంటాడు. ఎక్కించడాన్ని అక్కడ మనవాళ్ళు నకల్ మాలూమాత్ అంటారు. సముద్రం తప్ప మరో ఎల్ల చూడని ఈవిడ ఆ మాటని ఎక్కడా తడబడకుండా పలుకుతుంది. ఇకామా నకలు ఒకటుంది, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు. దాని గడువు ఆయన హిజ్రీ తేదీలోనే చెప్తాడు. హిజ్రీ సంవత్సరం మనం వాడే క్యాలెండరుకన్నా పదకొండు రోజులు పొట్టి. మొదట్లో తికమకపడిందట, తిథుల్లాగే చంద్రుడి లెక్కని ఆయన చెప్పాక పట్టేసింది. ఇంట్లో తెలుగు క్యాలెండర్ మీద, ఏకాదశి పక్కన, ఎర్ర పెన్నుతో ‘ఇకామా’ అని రాసి ఉంటుంది.

ఇంత మోసే బదులు అందరూ అక్కడికే వెళ్ళిపోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఇకామాలో వెల్డరని రాసి ఉన్నవాడికి కుటుంబం వీసా దొరకడమే గగనం. దొరికినా లెక్క కుదరదు. 2017 జులైలో సౌదీ ఒక్కో కుటుంబ సభ్యుడికి నెలకి 100 రియాళ్ళ రుసుం పెట్టింది. ఏడాదికో వంద పెంచుకుంటూ 2020కి 400 చేసింది. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు అంటే నెలకి 1,200 రియాళ్ళు. రెండువేల రియాళ్ళ జీతగాడు ఆ డబ్బు కట్టి, అద్దె కట్టి, ఏం తింటాడు? ఇంజనీర్లకీ ఇదే రుసుం, కానీ వాళ్ళని ఇది చీమ కుట్టినంత నొప్పి పెడుతుందేమో. ఆయనకి మాత్రం కాపురం ఈ తీరపు ఉద్దానంలోనే ఉండాలని తేల్చేసింది ఈ అంకే.

రెండో మజిలీ దస్తావేజులు రాసేవాడి దగ్గర. రేకుల పందిరి, రెండు కుర్చీలు, ఒక ప్రింటర్. ఆవిడ భర్త పేరున ఎకరంలోపు కొబ్బరి, జీడి కలిసిన తోట ఉంది. పెద్దమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుకి దాన్ని బ్యాంకులో పెట్టాలి. పెట్టాలంటే సంతకం ఆయనది.

"పవరాఫ్ అటార్నీ రాయించి పంపిస్తాడేటి?" అన్నాడు రాసేవాడు, కళ్ళజోడు పైకి తోసి. "పంపితే అక్కడ మన ఎంబసీవోళ్ళ ముందు సంతకం పెట్టాల. కాయితం ఈ దేశంలో అడుగెట్టిన మూడు నెల్లలోపు స్టాంపు కట్టించాల, అందుకు శ్రీకాకుళం ఎల్లాల. మూడు నెల్లు దాటిందా, ఇంక అది చిత్తుకాయితమే. ఆయనే వొస్తే ఇక్కడే పని, ఒక్క పూట."

ఇది రాసేవాడి సొంత చట్టం కాదు, స్టాంపు చట్టంలోదే. విదేశంలో రాసిన దస్తావేజుకి మన దేశంలోకి వచ్చాక మూడు నెలల గడువు. ఉన్నమాట చెప్పుకోవాలి, ఈ రేకుల పందిరి కింద కూచున్నవాడికి ఆ సెక్షన్ ఎంతోమంది వకీళ్ళకన్నా బాగా తెలుసు.

ఆవిడ ఏం మాట్లాడదు. తోట పేరు ఎత్తితే ఆవిడకి 2018 గుర్తొస్తుంది. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్లు వేళ్ళతో లేచి పడ్డాయి, కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. జుబైల్లో ఆయనకి టీవీలో ఊరి జిల్లా పేరు వినిపిస్తోంది, ఇంట్లో ఎవరున్నారో పోయారో తెలీదు. తరవాత చెట్లు లెక్కపెట్టడానికి వచ్చినవాళ్ళు పాస్‌బుక్ ఎవరి పేరునుంది, ఆయనేడి అన్నారు. చెట్టు ఇక్కడే పడింది, పేరు సౌదీలో ఉంది.

ఆటో ఎక్కండి, ఫైలు మాత్రం సీటు మీద పెట్టకండి, జారుతుంది. పలాస దాటి తూర్పుకి తిరిగితే రోడ్డుకి రెండు పక్కలా జీడి తోటలు, వాటి వెనక కొబ్బరి, ఆ వెనక కనబడని సముద్రం. ఆటోలో ఎదర కూచున్న కుర్రాడు ఈవిడ మరిది, మెడికల్‌కి వెళ్ళి తిరిగొస్తున్నాడు. గల్ఫ్ వీసాకి ముందు చేసే పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్సులు చూస్తారు. మూత్రపిండాలు కూడా. దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం ఉంటే అన్‌ఫిట్. ఇంకో జిల్లా కుర్రాడికి ఎక్స్‌రే అంటే భయం. ఉద్దానం కుర్రాడికి క్రియాటినిన్ అంటే భయం. అక్షరం ముక్క రాని ముసలమ్మలు సైతం ఇక్కడ ఆ మాట వాడతారు. ఈ ప్రాంతపు కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇన్నేళ్ళ పరిశోధనలో ఎవరూ గట్టిగా తేల్చలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. అప్పటికే వీళ్ళ నాన్న డయాలసిస్ మీద పోయాడు.

"ఎంతొచ్చిందిరా?" అడిగింది ఆవిడ.

"తెల్దు వదినా. మన ల్యాబ్‌లో ముందే సేయించుకున్నాను గదా, పాయింట్ తొమ్మిది. ఫిట్టే అవుతాది."

ముందు ఊరి దగ్గర ల్యాబ్‌లో చూసుకుని, బాగుంటేనే అసలు పరీక్షకి వెళ్ళాడు. డబ్బు దండగ అవకూడదని ఒకటి, పెద్ద కాగితం మీద ఆ మాట పడకూడదని రెండోది.

వాడు పది తప్పాడు. అందుకే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. సౌదీ, కువైట్, ఖతర్, మలేసియా కలుపుకుని 18 దేశాలకి పనికెళ్ళేముందు ఈ-మైగ్రేట్‌లో అనుమతి తీసుకోవాలి. పది లక్షల బీమా చేయించాలి. రెండేళ్ళకి దాని ప్రీమియం, పన్ను కాక, 275 రూపాయలు. ఇంత చౌకగా దొరికే మంచి కాగితం ఈ దారి మొత్తంలో ఇదొక్కటే. లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగింది 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. వీణ్ణి అడిగింది లక్షా పాతిక వేలు.

"రసీదిస్తాడేటి?" అంది ఆవిడ.

"రసీదడిగితే వీసా ఇంకోడికి పోద్ది వదినా."

ఆటోలో ఇంకెవరూ మాట్లాడలేదు.

ఇంటి అరుగు మీద అత్తగారు పిక్కలు ఆరబోస్తోంది. మీకు మంచినీళ్ళ చెంబు ఇచ్చింది, ఎవరి తాలూకని అడిగింది. కాగితాల సంగతి వినగానే నవ్వు. వాళ్ళ మావగారు కుర్రతనంలో గోపాలపురం రేవులో ఓడెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్ళాడట. పాస్‌పోర్టు లేదు, ఫోటో లేదు. ఉండక్కర్లేదు మరి. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే, మద్రాసు వెళ్ళినట్టు రంగం వెళ్ళొచ్చు. 1941 డిసెంబరులో రంగం మీద జపాను బాంబులు పడ్డాక కొండల్లోంచి నడిచి వచ్చాడు. ఏ ఆఫీసూ ఆయన్ని రానిచ్చిందీ లేదు, పంపించిందీ లేదు. చేతులూపుకుంటూ వెళ్ళాడు, చేతులూపుకుంటూ వచ్చాడు అని ముసలావిడ చెప్తోంటే కోడలు ఫైలు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తోంది. ఆ కాలం మంచిదని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

రాత్రి తొమ్మిదిన్నర, అక్కడ ఏడు. ఇమో మోగింది. ఈసారి హెల్మెట్టు లేదు, తల దువ్వుకున్నాడు. పిల్లలు ముందు మాట్లాడారు, తరవాత తల్లి, తరవాత తమ్ముడు. ఫోన్ చివరికి ఆవిడ చేతికొచ్చింది. మీరు గోడవారన కూచున్నారు, వినకూడదనిపించినా వినిపిస్తూనే ఉంది. ఆధార్ సెంటర్, పవరు, బ్యాంకు కేవైసీ, రేషన్. అన్నీ ఒకటే అంటున్నాయి, మనిషి రావాలని. రెండేళ్ళకొకసారి వచ్చే రెండు నెలల లీవు ఉంది.

"పెట్టీసీనా మరి? పండక్కి దిగీసినట్టు సూసుకుంటాను."

"పండక్కి వొద్దు," అంది ఆవిడ.

"ఏటే?"

"పండక్కొస్తే ఏటి సేస్తావ్? భోగికి మూసీసిన ఆఫీసులు కనుమ దాకా తెరవరు. ఆ ఎనకాల శనీ ఆదోరం. తెరిసినా సారు ఊరెల్లారంటారు. పది రోజులు ఉత్తినే పోతాయి. ఫిబ్రవరిలో రా."

కాసేపు అటునుంచి ఏమీ వినబడలేదు. ఎవరో వెనక హిందీలో నవ్వుతున్నారు.

"మరి అరిసెలో?"

"నువ్వొచ్చినాకే వొండుతాన్లే. వొచ్చీటప్పుడు పాత పాస్‌పోర్టు మర్సిపోకు. వీసాలన్నీ దాంట్లోనే ఉన్నాయి."